కూలి తల్లికి ప్రసూతి వేతనం చట్టంగా రావాలి: ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. వ్యవసాయ కూలీ సంఘాలు, మిర్చి కల్లాల్లో పనిచేసే మహిళల బృందాలు, ఇంటిపని కార్మికుల సంఘాలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, కొందరు న్యాయవాదులు, వైద్యులు కలిసి ఏర్పరచుకున్న ఉమ్మడి వేదిక తరపున ఈ లేఖ రాస్తున్నాం. మాలో అన్ని విషయాల మీదా ఏకాభిప్రాయం ఉందని చెప్పుకోలేం. మద్యం విధానం మీద, ఉచిత బస్సు మీద మా సమావేశాల్లో గంటల తరబడి వాదించుకున్న రోజులున్నాయి. అయినా ఒక కోరిక మీద మాత్రం అందరం సంతకం పెట్టాం. అసంఘటిత రంగంలో కూలి చేసుకునే ప్రతి స్త్రీకీ కాన్పు ముందు, కాన్పు తర్వాత పోగొట్టుకునే కూలిని హక్కుగా చెల్లించేలా రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేయాలి. మేము అడుగుతున్నది మరో పథకం కాదు. ఏడాదికోసారి బడ్జెట్ దయ మీద బతికే పథకాలను మేము చాలా చూశాం.

రాష్ట్రంలో పిల్లలు తగ్గిపోతున్నారని ప్రభుత్వం కొంతకాలంగా బెంగ పడుతోంది. అందుకు కారణం లేకపోలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సాఫల్య రేటు, అంటే ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.7. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024లో తొలగించారు. ప్రభుత్వ ఉద్యోగినులకు ఉన్న 180 రోజుల ప్రసూతి సెలవుకు పిల్లల సంఖ్యతో ముడిపెట్టిన పరిమితిని 2025లో ఎత్తివేశారు. ఈ రెండింటినీ మేము మనస్ఫూర్తిగా స్వాగతించాం. అయితే ఆ 180 రోజుల సెలవు జీతం చీటీ ఉన్న తల్లికే దక్కుతుంది. ఇంకా పిల్లల్ని కనమని రాష్ట్రం అడుగుతున్న స్త్రీలలో అత్యధికులకు జీతం చీటీ అనేదే లేదు.

ఆ స్త్రీలు ఎలా పనిచేస్తారో ఒక్క ఉదాహరణ చెప్పనివ్వండి. మిర్చి సీజనులో గుంటూరు చుట్టుపక్కల కల్లాల్లో, కోల్డ్ స్టోరేజీల ఆవరణల్లో పొద్దున్నే ఆడవాళ్ల ముఠాలు దిగుతాయి. తాలు కాయలు ఏరడం, తొడిమలు తీయడం, టిక్కీలకు (మిర్చి బస్తాలకు) ఎత్తడానికి కాయ సిద్ధం చేయడం వాళ్ల పని. కొన్నిచోట్ల రోజు కూలి, కొన్నిచోట్ల కిలోల లెక్క. మేము వెళ్లిన ఒక కల్లంలో మూడు నెలల పిల్లవాణ్ణి వేపచెట్టు కొమ్మకు కట్టిన పాతచీర ఉయ్యాలలో పడుకోబెట్టి, ముక్కుకు తువ్వాలు బిగించుకుని ఒక తల్లి కాయలు ఏరుతోంది. పాలిచ్చే వేళకు ఆమె చేతులకు కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో కడుక్కుని, మళ్లీ నూనె రాసుకుని కూడా బిడ్డను నేరుగా పట్టుకోలేదు. అత్తగారు పిల్లవాణ్ణి రొమ్ము దగ్గర పట్టుకుంటే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుంది. ఆ ఘాటు చేతులతో ఎత్తుకుంటే ఏడుస్తాడు, ఎత్తుకోకపోయినా ఏడుస్తాడు అని నవ్వుతూనే చెప్పింది. కాన్పయిన ఎన్నో రోజున పనికి వచ్చావని అడిగితే ముప్పయ్యో రోజని చెప్పింది. అప్పటికే ఆలస్యమైందట, ఆమె జాగాలో మేస్త్రి వేరే మనిషిని పెట్టుకున్నాడట.

ఆ తల్లికి వర్తించే చట్టం ఏదని వెతికితే 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం దగ్గరకు వెళ్లాలి. 2017 సవరణతో సెలవు 26 వారాలైంది, ఆ హక్కులే ఇప్పుడు కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టం సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చాయి. కర్మాగారాలు, గనులు, తోటలను పక్కన పెడితే పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలకే అవి వర్తిస్తాయి. పైగా కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో ఒకే యజమాని దగ్గర కనీసం 80 రోజులు పనిచేసినట్టు చూపించాలి. మిర్చి ముఠా ఒక వారం ఒక కల్లంలో, మరో వారం మరో కల్లంలో ఉంటుంది. హాజరు పట్టిక ఎక్కడా ఉండదు. పేర్లుండేది మేస్త్రి జేబులోని చిన్న నోటుపుస్తకంలో, అదీ సీజను అయ్యేసరికి చిత్తుకాగితం. రోజుకూలీ స్త్రీలకు కూడా ప్రసూతి ప్రయోజనాలు వర్తిస్తాయని ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తీర్పు చెప్పింది. అయితే ఆ కేసులోని స్త్రీల పేర్లు మస్టరు రోల్‌లో, అంటే యజమాని రాసే హాజరు పట్టికలో, ఉన్నాయి, వాళ్ల యజమాని ఎవరో అందరికీ తెలుసు. కల్లంలోని తల్లికి ఆ రెండూ లేవు.

ఇక నగదు సాయం సంగతి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవారిని, ఇతర చట్టాల కింద ఇలాంటి ప్రయోజనం పొందుతున్నవారిని మినహాయించి, ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాలని చెప్పింది. ఆచరణలోకి వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి కాన్పుకు 5,000 రూపాయలే ఇస్తుంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే 6,000, మగపిల్లవాడు పుడితే ఏమీ లేదు. ఆడపిల్లను ప్రోత్సహించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ మగబిడ్డను కన్న తల్లి ఆ నెలల్లో తక్కువ కూలి పోగొట్టుకుంటుందా? ఉపాధి హామీలో 2025–26కు మన రాష్ట్రానికి నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. ఆ లెక్కన 5,000 రూపాయలంటే పదహారు రోజుల కూలి. వారానికి ఆరు రోజుల చొప్పున పన్నెండు వారాలకు 22,104 రూపాయలు అవుతుంది, 26 వారాలకు 47,892 రూపాయలు. పదహారు రోజుల డబ్బు చేతిలో పెట్టి ఆరు నెలలు తల్లిపాలే పట్టమని ఆస్పత్రి గోడల మీద రాస్తున్నాం.

ఈ మాట ఎత్తినప్పుడల్లా అధికారుల నుంచి మాకు ఒకే జవాబు వస్తోంది: అసంఘటిత కార్మికుల ప్రసూతి ప్రయోజనం కేంద్రం చూసుకోవలసిన విషయమని. సామాజిక భద్రతా కోడ్‌లోని 109వ సెక్షన్ ఆరోగ్య, ప్రసూతి ప్రయోజనాలను కేంద్రం రూపొందించవలసిన పథకాల జాబితాలో చేర్చిన మాట నిజం. అంతమాత్రాన రాష్ట్రం చేతులు కట్టేసినట్టు కాదు. కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల విషయాలుండే రాజ్యాంగం ఏడో షెడ్యూలు ఉమ్మడి జాబితాలోని 24వ అంశంలో ప్రసూతి ప్రయోజనాల పేరు స్పష్టంగా ఉంది, 42వ అధికరణ ప్రసూతి సాయాన్ని రాజ్యం బాధ్యతగా పేర్కొంది. పొరుగున తమిళనాడు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ఉన్న ప్రసూతి సాయ పథకంలో నగదు, పోషకాహార కిట్లు కలిపి 18,000 రూపాయలు ఇస్తోంది. అది కేంద్రాన్ని అడిగి మొదలుపెట్టిన పని కాదు.

మన శాసనసభకూ ఇలాంటి చరిత్ర ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 1986లో సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు చేసింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. అది ఢిల్లీ పని అని అప్పటి శాసనసభ్యులు ఊరుకుని ఉంటే ఈ రాష్ట్రపు ఆడపిల్లలు మరో ఇరవై ఏళ్లు ఆగవలసి వచ్చేది.

మేము కోరే చట్టంలో అన్నిటికంటే ముఖ్యమైనది పనికి రుజువు ఎలా అన్నది. యజమాని సర్టిఫికెట్ అడిగితే ఈ చట్టం పుట్టకముందే చచ్చిపోతుంది. స్త్రీ స్వయంగా ఇచ్చే ప్రకటన, దాని మీద గ్రామ లేదా వార్డు సచివాలయ ధ్రువీకరణ చాలని, అబద్ధమని నిరూపించే బాధ్యత కాదన్నవారి మీదే ఉండాలని మా ప్రతిపాదన. ఎన్నో కాన్పు, ఏ బిడ్డ అన్న షరతులు ఉండకూడదు, బిడ్డ దక్కని తల్లికి కూడా డబ్బు ఆగకూడదు. ఎన్ని వారాలన్న దానిమీద మాలో భేదాభిప్రాయం ఉందని దాచకుండా చెబుతున్నాం. ఉద్యోగినికి ఆరు నెలలైతే కూలి మనిషికి మూడు నెలలేమిటని కొందరు గట్టిగా వాదించారు. పన్నెండు వారాలతో మొదలుపెట్టి, మూడేళ్లలో 26కు చేరే గడువును చట్టంలోనే రాయాలన్న చోట చివరికి రాజీ కుదిరింది.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు 1996లోనే భవన నిర్మాణ రంగం దారి చూపింది. నిర్మాణ ఖర్చు మీద వసూలయ్యే ఒక శాతం సెస్సు ఆ కార్మికుల సంక్షేమ మండలికి చేరుతుంది. మిర్చి, రొయ్యల శుద్ధి వంటి రంగాల్లోనూ వ్యాపారి, ఎగుమతిదారు స్థాయిలో అలాంటి నిధిని ఏర్పాటు చేయవచ్చు. ఆ భారం రైతు మీద పడకూడదని మాలోని రైతు కుటుంబాల వారు మరీ మరీ చెప్పమన్నారు, మేమూ అదే అంటున్నాం.

పసిపిల్లల సంరక్షణ గురించి ఒక్కమాట. యాభై మంది పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్న నిబంధనను ఒక్కో ముఠాకు విడివిడిగా చూస్తే అది ఎక్కడా వర్తించదు. కానీ కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడి కేంద్రం నడపవచ్చని కోడ్ చెబుతోంది. పక్కపక్కనే వరసగా ఉన్న కోల్డ్ స్టోరేజీలకు దీన్ని తప్పనిసరి చేయడానికి రాష్ట్ర నిబంధనలు చాలు, కొత్త చట్టం కూడా అక్కర్లేదు. అంగన్‌వాడీ ఉంది కదా అనవచ్చు. మూడేళ్లలోపు పిల్లలను పగలంతా ఉంచుకునే ఏర్పాటు అక్కడ లేదని, కూలి మనిషి ఇల్లు చేరేలోపే తలుపు మూయవలసి వస్తోందని ఈ లేఖ మీద సంతకం చేసిన అంగన్‌వాడీ కార్యకర్తలే అంటున్నారు.

మా బిల్లు ముసాయిదా ప్రతిని ఈ లేఖతో పాటు మీ కార్యాలయానికి అందజేస్తున్నాం. దానిమీద కార్మిక, మహిళా శిశు సంక్షేమ, ఆర్థిక శాఖల అధికారులతో కలిపి మీరు ఒక సమావేశం ఏర్పాటు చేయాలని, మాలో కల్లం పని చేసే ఇద్దరు స్త్రీలకు అందులో మాట్లాడే అవకాశం ఇవ్వాలని కోరుతున్నాం. కూలి పోకుండా రాగలిగేలా తేదీ ముందుగా తెలియజేస్తే సంతోషిస్తాం.

భవదీయులు,
మహిళా, కార్మిక సంఘాల ఉమ్మడి వేదిక తరపున