టీచరమ్మ గారి జ్ఞాపకార్థం వసూలైన డబ్బు: జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం. లైబ్రరీలో మన పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పిన టీచరమ్మ గారు పోయిన చలికాలంలో కాలం చేశాక మనమంతా తలా కొంత వేసుకున్న డబ్బు లెక్క ఇది. ఒకప్పుడు ఆవిడ పాఠాలు చెప్పిన బడి చోట ఆవిడ గుర్తుగా పెట్టిన బోర్డు పని జూన్ దాకా తెమల్లేదు, ఇక్కడ కెనడా సస్కాచివాన్‌లో ఏప్రిల్ చివరి వరకూ నేల గడ్డకట్టే ఉంటుంది, గునపం కూడా దిగదు. ఇప్పుడు బిల్లులన్నీ చేతికొచ్చాయి కాబట్టి సెంట్లతో సహా రాస్తున్నాం.

ముందు జమ. మన టౌన్‌లో ఉన్న 23 తెలుగు కుటుంబాలు ఇచ్చింది 2,340 డాలర్లు. ఇంటికింత అని మేం పెట్టలేదు, 20 ఇచ్చిన వాళ్ళున్నారు 300 ఇచ్చిన వాళ్ళున్నారు, ఎవరెంత అన్నది బయట పెట్టొద్దని మొదటి మీటింగులోనే అనుకున్నాం కాబట్టి రాయట్లేదు. ఇక్కడ కొన్నాళ్ళుండి రెజైనా, క్యాల్గరీ, బ్రాంప్టన్ వెళ్ళిపోయిన వాళ్ళు పంపింది 1,115. ఇండియా నుంచి 9 మంది పెద్దవాళ్ళు, అంటే సూపర్ వీసా మీద పిల్లల దగ్గరికొచ్చి చలికాలమంతా లైబ్రరీలో ఆవిడ ముందు కూర్చుని ఇంగ్లీషు నేర్చుకుని వెళ్ళిన అమ్మలూ నాన్నలూ, కలిపి 31,500 రూపాయలు పంపారు, బ్యాంకు వాళ్ళ కోతలు పోను 489 డాలర్లు వచ్చింది. వాళ్ళలో ఒంగోలు మామ్మగారు 500 రూపాయలు పంపి "తెల్లమామ్మకి నా పేరు చెప్పి పూలు పెట్టండయ్యా" అని మనవడి చేత మెసేజ్ పెట్టించారు. పెట్టాం మామ్మగారూ. ఆ పూల డబ్బు ప్రెసిడెంటు గారు సొంతంగా పెట్టుకున్నారు, ఈ లెక్కలో లేదు.

సంతాప సభ రోజు గుమ్మం దగ్గర పెట్టిన డబ్బాలో 376 పడింది. మేలో టౌన్ అంతా గరాజ్ సేల్ (ఇళ్ళ ముందు పాత సామాన్ల అమ్మకం) పెట్టినప్పుడు మన ఆడవాళ్ళు వేసిన గారెలూ మిర్చి బజ్జీల స్టాల్‌లో అమ్మకం 760. మిర్చి బజ్జీ తిని కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే మళ్ళీ లైన్లో నిలబడ్డ రైతులు ఆ 760లో సగానికి కారణం. మొత్తం జమ 5,080 డాలర్లు. మనది రిజిస్టర్ అయిన చారిటీ కాదు, టాక్స్ రసీదు ఇవ్వలేం, అడిగిన ముగ్గురికీ ముందే చెప్పాం.

ఇక ఖర్చు చెప్పే ముందు ఆవిడ గురించి నాలుగు మాటలు, ఎందుకంటే డబ్బులిచ్చిన వాళ్ళలో చాలామంది ఈ రెండేళ్ళలో వచ్చిన వాళ్ళు, ఆవిడని చూడనే లేదు, పక్కింటి వాళ్ళు ఇచ్చారని ఇచ్చారు. "ఎవరో తెల్లావిడ పేరు మీద రోడ్డు పక్కన బోర్డుకి రెండు వేలా" అని ఒకరు గ్రూపులో అడిగారు కూడా. అడగడం తప్పేం కాదు. ఆవిడ బతుకు తెలిస్తే ఆ రెండు వేలు ఎందుకో తెలుస్తుంది.

ఆవిడ 1932లో స్విఫ్ట్ కరెంట్ అనే ఊరికి ఉత్తరాన ఒక క్వార్టర్ పొలంలో పుట్టారు. క్వార్టర్ అంటే 160 ఎకరాలు. వాళ్ళ నాన్నలాంటి వాళ్ళు ప్రభుత్వానికి 10 డాలర్ల ఫీజు కట్టి, అక్కడే కాపురముండి, కొంత దున్ని చూపిస్తే పట్టా ఇచ్చేసేవాళ్ళట. మనూళ్ళో 160 ఎకరాలంటే మాటలా, కానీ 1930ల్లో ఆ పదేళ్ళూ వానల్లేవు, పైమట్టి అంతా గాలికి లేచిపోయేది, పండిన ఆ నాలుగు గింజలకీ 1932లో బుషెల్‌కి, అంటే దాదాపు 27 కిలోల గోధుమలకి, 40 సెంట్లు కూడా రాలేదు. తూర్పు తీరం నుంచి రైళ్ళలో రిలీఫ్ కింద ఎండు కాడ్ చేపలు పంపిస్తే ఇక్కడి జనానికి వాటిని ఏం చేసుకోవాలో తెలీలేదట. ఈ సంగతి విన్న రోజే మన కాకినాడ ఆంటీ ఎండుచేపల పులుసు చేసి డబ్బాలో పట్టుకెళ్ళారు, ఆవిడ రెండోసారి కూడా వడ్డించుకున్నారు. ఆవిడ చదువుకున్న బళ్ళో టీచరుకి జీతానికి డబ్బుల్లేక "తర్వాత ఇస్తాం" అని చీటీ రాసిచ్చేవాళ్ళట, అది చూస్తూ పెరిగి కూడా టీచరే అయ్యారు.

మూస్ జా అనే ఊళ్ళో నార్మల్ స్కూల్ అని టీచర్ ట్రైనింగ్ కాలేజీ ఉండేది, అక్కడ ఒక ఏడాది చదివి 1951లో ఒంటి గది బళ్ళో చేరారు. 1 నుంచి 8 దాకా అన్ని క్లాసులూ ఆ గదిలోనే, 19 మంది పిల్లలు, టీచరు వయసూ 19. మన ఏకోపాధ్యాయ పాఠశాల ఎలాగో అలాగే, కాకపోతే బయట మైనస్ 30. పొద్దున్నే వెళ్ళి స్టవ్ ముట్టించాలి, నీళ్ళు మోయాలి, పిల్లలు గుర్రాల మీదొస్తే వాటిని కట్టడానికి బడి వెనక కొట్టం ఉండేది, అదీ చూసుకోవాలి. ఆవిడ దగ్గర జిరాక్స్ లాంటిదేం లేదు. ఒక ట్రేలో జెలటిన్ జెల్లీ పోసి, ఊదా సిరాతో రాసిన కాగితాన్ని దాని మీద బోర్లించి తీసేసి, అదే జెల్లీ మీద ఒక్కో తెల్లకాగితం అద్దితే అచ్చు దిగేది, పోను పోను రంగు వెలిసిపోయేది, చివరి కాగితం ఎప్పుడూ కళ్ళు బాగున్న పిల్లాడికే ఇచ్చేదాన్ని అని నవ్వేవారు.

1954లో పెళ్ళి, ఆపైన నలుగురు పిల్లలు, బడి మానేశారు. చిన్నవాడు 1959లో పుట్టాడు, రెండేళ్ళకి మెదడువాపు లాంటి జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఈ ప్రావిన్స్‌లో ఆస్పత్రి ఖర్చు 1947 నుంచే ప్రభుత్వం చూసుకునేది గానీ డాక్టర్ ఫీజు మాత్రం చాలా చోట్ల ఎవరిది వాళ్ళదే, రెండు ఆవుల్ని అమ్మి కట్టారట. ఆ మరుసటి ఏడాదే, 1962 జులైలో, డాక్టర్లు సమ్మె చేస్తున్నా సరే అందరికీ ప్రభుత్వ వైద్య బీమా అమల్లోకి తెచ్చారు. మనం జేబులో హెల్త్ కార్డు పెట్టుకుని తిరుగుతాం, ఆవిడ మాత్రం ఆ ఆవుల పేర్లు చివరి దాకా మర్చిపోలేదు.

ఆ పిల్లాడిని ఆరేళ్ళకి సస్కటూన్‌లో చెవిటి పిల్లల బడికి పంపాల్సొచ్చింది, 1931లో పెట్టిన బడి అది, 1991లో మూసేశారు. అక్కడే హాస్టల్. పొలం పని వదిలి ప్రతి వారం అంత దూరం వెళ్ళలేరు. అక్షరాలు రాని, చెవులు వినపడని పిల్లాడికి అమ్మ ఏమని ఉత్తరం రాస్తుంది? బొమ్మలేసింది. ప్రతి ఆదివారం ఒక కాగితం. కోడి గుడ్లు ఎక్కడ దాచిందో, నాన్న కంబైన్ (కోత మిషన్) ఎక్కడ దిగబడిందో, కుక్క ఎవరి బూటు కొరికిందో, కింద ఒక్కో బొమ్మకి ఒక్కో మాట. వాడికి మాటలొచ్చే కొద్దీ బొమ్మలు తగ్గి మాటలు పెరిగాయి. ఇంకోపక్క తను సైగలు నేర్చుకుని మిగతా ముగ్గురు పిల్లలకీ నేర్పారు, భోజనాల బల్ల దగ్గర నోటితో మాట్లాడటం బంద్, అందరూ చేతులతోనే మాట్లాడాలని రూల్ పెట్టారట, చిన్నోడు సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒంటరిగా కూర్చోకూడదని.

లైబ్రరీలో మన అమ్మలకి ఇంగ్లీషు చెప్పినప్పుడు జరిగింది కూడా సరిగ్గా ఇదే. ఏబీసీడీలు రాని వాళ్ళ ముందు ఆవిడ పుస్తకం తెరవలేదు, మొహంతో, చేతులతో, కాగితం మీద పిచ్చి బొమ్మలతో "బస్సు ఎన్నింటికి", "నాకు బీపీ ఉంది", "ఇందులో గొడ్డు మాంసం ఉందా" నేర్పారు. పైసా తీసుకోలేదు. 82 ఏళ్ళ వయసులో మొదలుపెట్టి కాళ్ళు ఆడినంత కాలం చెప్పారు.

ఇక ఖర్చులు. సంతాప సభకి కమ్యూనిటీ హాల్ అద్దె 150. తిండి 418, ఇందులో చర్చి ఆడవాళ్ళు చేసిచ్చిన సాండ్‌విచ్‌లూ స్వీట్లూ, మన పులిహోరకీ పెరుగన్నానికీ సామాను, వండింది మన ఇళ్ళల్లోనే కాబట్టి కూలి లేదు. వృద్ధాశ్రమంలో ఉన్న ఆవిడ పాత స్టూడెంట్లని (వాళ్ళకీ 75 దాటాయి!) తీసుకురావడానికి స్కూల్ బస్సు అద్దె 175, ఇది ముందు అనుకున్నది కాదు గానీ ఆ రోజు అందరికీ గుర్తుండిపోయింది ఆ బస్సు దిగిన వాళ్ళే. గరాజ్ సేల్ స్టాల్‌కి మినప్పప్పు, శనగపిండి, నూనె, పేపర్ ప్లేట్లు 148.

బోర్డు. ఆవిడ పాఠాలు చెప్పిన ఆ ఒంటి గది బడి 1958లో మూతపడింది. 1944 చట్టంతో చిన్న బళ్ళన్నీ పెద్ద యూనిట్ల కిందకి తెచ్చారు, తర్వాత రోడ్లూ బస్సులూ వచ్చే కొద్దీ ఒంటి గది బళ్ళు ఒక్కోటీ పోయాయి. ఆ గదిని ఒక రైతు కొని గోధుమల కొట్టు చేసుకున్నాడు, ఇప్పుడు ఆ చోట మిగిలింది పునాది రాళ్ళూ ఒక వరస కరగానా పొదలూ, అంతే. పొలాల మధ్య గ్రిడ్ రోడ్డు మీద వెళ్ళే వాళ్ళకి అక్కడ బడి ఉండేదని తెలిసే దారే లేదు. పిల్లలు అమ్మ పేరు రాతిమీద చెక్కించారు శ్మశానంలో, మేం మాత్రం బడి ఉన్న చోట పెడతాం అన్నాం, వాళ్ళూ సంతోషించారు. బోర్డూ స్తంభాలూ 1,850, జీఎస్టీ 5 శాతం 92.50, పీఎస్టీ (ప్రావిన్స్ పన్ను) 6 శాతం 111, మొత్తం 2,053.50. చెక్కది పెడితే 600లో అయిపోయేదని కొందరన్నారు, నిజమే, ఈ గాలికీ మంచుకీ నాలుగేళ్ళు తిరక్కుండానే మళ్ళీ చందాలకి మీ ముందుకే రావాలి. బోర్డు మీద ఇంగ్లీషు, కింద ఒక లైను తెలుగు. మొదట షాపు వాళ్ళు వేసిన నమూనాలో మన ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి, సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాక, మనవాళ్ళు అక్షరాలని బొమ్మగా మార్చి పంపాక కుదిరింది, దానికి అదనంగా ఏం తీసుకోలేదు. అడుగున సిమెంటు, గ్రావెల్ 237.40. మధ్యలో పెట్టిన బండరాయి పక్క పొలం రైతు తన లోడర్‌తో తెచ్చి పడేశాడు, డీజిల్ డబ్బులిస్తే కోప్పడ్డాడు, ఆయన కూడా ఆవిడ దగ్గర మూడో క్లాసు. రూరల్ మునిసిపాలిటీ అనుమతికీ, తవ్వే ముందు కింద గ్యాస్ లైన్లు చూపించడానికీ ఖర్చేం కాలేదు.

పుస్తకం. ఆవిడ జీవితం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, దాంతో పాటు కొడుకుకి రాసిన బొమ్మల ఉత్తరాలు 11, కుటుంబం అనుమతితో. స్కానింగ్, 150 కాపీల ప్రింటింగ్ టాక్సుతో సహా 642.60. ఇండియాకీ ఇతర ఊళ్ళకీ పోస్టు 188.25. స్కూల్ లైబ్రరీకి పిల్లల బొమ్మల పుస్తకాలు 600, ఇది కుటుంబం అడిగింది, సైగల భాషవి కూడా అందులో కొన్నాం. బ్యాంకు చార్జీలు 21.

మొత్తం ఖర్చు 4,633.75. మిగులు 446.25, కమిటీ అకౌంట్లోనే ఉంది, తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ఈ మిగులు మీద రెండు మాటలొచ్చాయి, ఒకటి వచ్చే దీపావళి ఖర్చులో కలిపేద్దామని, రెండోది బోర్డు చుట్టూ గడ్డి కోతకీ రంగుకీ ఉంచుదామని. మా అభిప్రాయం రెండోదే, ఆవిడ పేరున వసూలు చేసింది మతాబులకి పెట్టడం బాగోదు, కానీ సెప్టెంబర్ మీటింగులో చేతులెత్తి తేల్చండి.

లెక్కలు చూసింది కమిటీలో లేని ఇద్దరు, ఒక అక్క బ్యాంకులో పని చేస్తారు, ఇంకో అన్న అకౌంట్స్ చదువుతున్నాడు. బిల్లులూ బ్యాంకు స్టేట్‌మెంటూ ట్రెజరర్ దగ్గర ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. పుస్తకాలు ఇంకా 34 ఉన్నాయి, అందనివాళ్ళు అడ్రసు పంపండి, పోస్టు ఖర్చు మాత్రం మీదే.