పాత సైనిక రైఫిల్‌ను కర్ర చూసి కొనొద్దు

సంపాదకులకు నమస్కారం.

సైన్యాలు వదిలించుకున్న పాత రైఫిళ్లు కొనేవారి గురించి గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. రైఫిల్‌కుండే చెక్క భాగం, అంటే కర్ర, నిగనిగలాడుతూ, భాగాలన్నిటి మీదా ఒకే నంబరు ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చన్నట్టు అందులో రాశారు. నేను అలాగే కొని మోసపోయాను, అందుకే ఈ ఉత్తరం.

నా మొదటిది 1943 నాటి మోసిన్-నగాంట్ అనే రష్యన్ రైఫిల్. బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ), మ్యాగజైన్ అడుగు రేకు, మడమ రేకు (భుజానికి ఆనే చివర ఉండేది), అన్నిటి మీదా ఒకే నంబరు. ఏ ముక్కా మారలేదనుకుని ఎగిరి గంతేశాను. యుద్ధం అయ్యాక సోవియట్ ఆయుధాగారాల్లో ఈ రైఫిళ్లను విప్పి, అమరిన ముక్కను అమరినచోట బిగించి, నంబర్లు కొత్తగా కొట్టి, కర్రకు షెల్లాక్ (లక్క మెరుగు) పూసి దాచారన్న సంగతి అప్పటికి తెలీదు. బోల్టు మీద పాత నంబరు కొట్టేసిన గీత కనిపిస్తూనే ఉంది. చూసే ఓపిక నాకే లేదు.

రేంజ్‌లో 100 మీటర్ల దూరాన బుల్లెట్లు కాగితానికి అడ్డంగా తగిలాయి. పక్కనున్న పెద్దాయన మందు లేని డమ్మీ తూటా ఒకటి తీసి, బోల్టు విప్పించి, బుల్లెట్ మొనను గొట్టం మూతిలో పెట్టారు. ఇత్తడి అంచు దాకా దిగిపోయింది! గొట్టం బాగుంటే బుల్లెట్ కొంత బయటే ఆగాలి. ఇనుప కడ్డీతో మూతి వైపు నుంచి ఏళ్ల తరబడి తోమితే అంతే మరి.

దాచుకోవడానికా, కాల్చడానికా అన్నది ముందే తేల్చుకోవాలి. దాచుకునేదైతే కర్ర జోలికి పోవద్దు. నా స్విస్ కె31 కర్ర అడుగున గీతలు పడి ఉందని గరుకు కాగితంతో రుద్దేశాను. తర్వాత మడమ రేకు విప్పితే, ఆ రైఫిల్ మోసిన సైనికుడి పేరున్న చీటీ బయటపడింది. అతను పెట్టిన గీతలన్నీ అప్పటికే పొడైపోయాయి. ఈ తప్పు మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

కాల్చేదైతే గొట్టం లోపలి గాడుల తర్వాత చూడాల్సింది హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టుకూ లోపల కూర్చున్న తూటాకూ మధ్య ఉండే సందు. బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్‌కి బోల్టు తలలు 0 నుంచి 3 దాకా నాలుగు సైజుల్లో చేశారంటేనే దాని అవసరం తెలుస్తుంది. గేజ్ పెట్టి చూడగల గన్‌స్మిత్‌కు చూపించకుండా మొదటి తూటా పేల్చొద్దు. కొన్నింటిని అసలు కాల్చకూడదు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో చేసిన 1903 మోడల్ రైఫిళ్లలో 8,00,000 లోపు నంబర్లవి అలాంటివే. ఉక్కు కాగిన వేడిని కంటి అంచనాతో చూసేవారట. కొన్ని రిసీవర్లు (బోల్టు కూర్చునే ఉక్కు భాగాలు) మరీ కాగి పెళుసుబారాయి.

ఇక తూటాలు. పాత సైనిక తూటాల ప్రైమర్లు (అడుగున ఉండి మందును అంటించేవి) చాలావాటిలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక గొట్టంలో ఉప్పు మిగిలి, తేమను లాగి తుప్పు పట్టిస్తుంది. నూనె ఆ ఉప్పును కరిగించదు. వేడినీళ్లు పోసి, పూర్తిగా ఆరాకే నూనె రాయాలి. రేంజ్‌కి ఫ్లాస్కు పట్టుకెళ్తుంటే టీ అనుకుని కొత్తవాళ్లు ఇప్పటికీ కప్పు చాపుతుంటారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు