దసరా కండువాలు ఎందుకు ఆగాయంటే

నమస్కారమండీ. దసరాకి పంపుతామన్న అరటి నార కండువాలు ఏవని రోజూ ఫోన్లు వస్తున్నాయి. నేనే ఆపేశాను.

మొదటి విడతలో కొన్నవాళ్లు కొందరు "మెడ మీద గుచ్చుకుంటోంది" అన్నారు. రెండు ఉతుకులు పడితే మెత్తబడుతుందిలెండని సర్దిచెప్పాను. చివరికి ఒకరోజు నేనే వేసుకుని తిరిగాను. సాయంత్రానికి మెడంతా కందిపోయింది.

చూస్తే, గుచ్చుకునేది ముడి. అరటి బోదె (కాండం) ఎంత పొడవుంటే నార అంతే, నాలుగైదు అడుగులు. కొసకి కొస చేత్తో ముడేసి, మిగిలిన తోక కత్తిరించి కండె చుట్టాలి. ఆ తోక నూకగింజంత మిగిలినా ముల్లే. ఫిలిప్పీన్స్‌లో అనాస ఆకు నారకీ ఇలాగే ముడులేసి పీన్యా బట్ట నేస్తారు, కానీ ఆ నార చాలా సన్నం. మన అరటి బోదెలో పై పట్టలది (పొరలది) ముతక నార, లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. కండువాకి లోపలి పట్టల నారే వాడాలి. ఆర్డర్లు పెరిగేసరికి నేను పై పట్టలది కూడా కలిపేశాను. మీకు చెప్పలేదు.

దానికి తోడు గోదారి లంకల్లోకి వచ్చింది. రావులపాలెం మార్కెట్‌కి గెలలు పోయాక మాకు మిగిలేవి బోదెలే. కొట్టినవి వెంటనే నార తీసే మిషనెక్కించకపోతే నార రంగు మారిపోతుంది. (అరటి మరక సంగతి మీకు కొత్తా!) రెండు వారాల సరుకు అలా పోయింది.

బండారులంకలో మాకు నేసిపెట్టే బాబాయి మొదట్లోనే అన్నారు: "పేకకి సరేగానీ పడుగుకి వద్దమ్మా, మగ్గం అచ్చులో రాసుకుని పీచులేస్తుంది." అందుకే పడుగు, అంటే నిలువు పోగులు, మొదటినుంచీ నూలే; నార అడ్డం పోగుల్లో, అంటే పేకలోనే. మరి అట్ట మీద "నూరు శాతం అరటి నార" అని ఎలా వేశానంటే, వేసేశానంతే. ఆ ముక్క తీసేస్తున్నాను. "పట్టులా మెత్తన" అన్నది కూడా. ఇకనుంచి పేకలో మూడు నూలు పోగులకి ఒక నార పోగు, అదీ లోపలి పట్టలది.

కొత్తవి కార్తీకంలో వస్తాయి. అంతవరకూ ఆగలేనివాళ్లు ఆర్డర్ నంబర్ మెసేజ్ చేయండి, డబ్బు వెనక్కి వేస్తాను. సంచులు, టేబుల్ మ్యాట్లు మామూలుగానే ఉన్నాయి, వాటికి ముతక నారే బాగుంటుంది. పాత కండువా గుచ్చుకుంటుంటే పంపేయండి, కొరియర్ డబ్బులు నావే. ఉతికి పంపక్కర్లేదు.