వేళ్ల వేగానికేనా మార్కులు?

సంపాదకులకు,

ఈమధ్య విజయవాడలో జరిగిన పిల్లల వాద్య పోటీలకు వెళ్లాను. కీబోర్డు, హార్మోనియం, అకార్డియన్ అన్నిటినీ ఒకే విభాగంలో పెట్టారు. అకార్డియన్ మీద హుషారు పాట వాయించిన అబ్బాయికి మొదటి బహుమతి ఇచ్చారు. వేళ్లు బాగా తిరిగాయి, కాదనను. కానీ మొదటి నుంచి చివరిదాకా ఒకటే గట్టితనం. తెనాలి నుంచి వచ్చిన ఒక అమ్మాయి జోలపాట వాయించింది. పల్లవిని మెల్లగా ఎత్తుకుని, చరణం చివరి స్వరాన్ని సన్నగా తగ్గిస్తూ ఆపింది. న్యాయనిర్ణేత మాత్రం 'డల్‌గా ఉందమ్మా, స్పీడు పెంచాలి' అన్నారు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నాకు చాలా బాధేసింది.

కుడివైపు పియానో మెట్లు కనిపిస్తాయి కాబట్టి అకార్డియన్‌ని కూడా కీబోర్డు లెక్కన చూస్తున్నారు. పియానో మెట్టు గట్టిగా కొడితే గట్టిగా మోగుతుంది. అకార్డియన్ మెట్టు ఎంత గట్టిగా నొక్కినా తేడా ఉండదు, అది గాలికి దారి తెరుస్తుందంతే. లోపలి ఉక్కు రీడుని, అంటే సన్నని లోహపు నాలుకని, పలికించేది బెలోస్ (మధ్యలో సాగి ముడుచుకునే తిత్తి) గాలి. ధ్వని పెరగాలన్నా, తగ్గాలన్నా, ఒక స్వరం మీద ఒత్తు పడాలన్నా ఎడమచేత్తో బెలోస్‌ని లాగే తీరులో, మూసే తీరులో ఉంటుంది. అదే చేతి వేళ్లు బేస్ బటన్లు కూడా చూసుకోవాలి. పెద్ద పెట్టెల్లో అవి 120 ఉంటాయి. ఇక బెలోస్ దిశ మార్చడం పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోటే జరగాలి. మాట మధ్యలో మారిస్తే పాట తెగిపోతుంది. ఆ అమ్మాయి మార్చిన ప్రతిచోటా పాటలో విరుపు ఉంది. నేను చెవులు రిక్కించి విన్నాను.

ఆ అబ్బాయి అన్ని రీడ్లూ కలిసి మోగే స్విచ్ మీదే పాటంతా వాయించాడు. దగ్గర దగ్గరగా శ్రుతి చేసిన రెండు రీడ్లు కలిసి పలికితే స్వరం వణుకుతుంది, వినడానికి బాగుంటుంది. కానీ ఆ వణుకు పెట్టెది, వాయించేవాడిది కాదు.

గమకాలు పలకవన్న అభ్యంతరంతో ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియంని దూరం పెట్టింది. అకార్డియన్‌కీ అదే పరిమితి. స్వరాన్ని ఊపలేం, జార్చలేం. అందుకే భావమంతా గాలితోనే చెప్పుకోవాలి. మా వైపు పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన పెద్దలకు ఇది బాగా తెలుసు. నటుడు రాగం ఎత్తుకోగానే తిత్తి తగ్గించేవారు, పద్యం ముగియగానే ఒక్కసారి నింపేవారు. ఆ వినికిడి ఉన్నవారిని ఒక్కరినైనా న్యాయనిర్ణేతగా పిలవండి.

మైకు సంగతీ చెప్పాలి. అకార్డియన్ ముందుండే గ్రిల్‌కి ఆనించి పెట్టడంతో మెట్ల టకటకలే ఎక్కువ వినిపించాయి. కాస్త దూరం జరిపితే చాలు.

నిర్వాహకులకు నా మనవి ఒక్కటే. వచ్చేసారి ప్రతి పిల్లవాడినీ ఒకే స్వరం పట్టుకుని మెల్లగా పెంచి, మళ్లీ మెల్లగా తగ్గించమని అడగండి. దానికీ మార్కులు వేయండి. ఆ తెనాలి పాప తల్లిదండ్రులు ఈ ఉత్తరం చదివితే, దయచేసి స్పీడు కోసం పాపని ఒత్తిడి చేయకండి. వాయిస్తున్న పద్ధతి సరైనదే.

– ఒక అకార్డియన్ మాస్టారు,
బ్రాడీపేట, గుంటూరు