పునర్వసు కార్తెలో పంపిన గుమ్మడి వడియాల గురించి

జులై 6 నుంచి 19 లోపు మా దగ్గర గుమ్మడి వడియాలు కొన్నవాళ్లందరికీ ముందు ఈ మాట చెప్పాలి. ఆ ప్యాకెట్టు ఇంకా ఇంట్లో ఉంటే దయచేసి వేయించకండి. పైకి బాగానే ఉన్నా సరే, పారేయండి. డబ్బు మొత్తం వెనక్కి పంపుతున్నాం. ప్యాకెట్టు తిప్పి పంపక్కర్లేదు, ఫొటోలు అడగం. మీరు ఏ నంబరు నుంచి కట్టారో దానికే వేస్తాం.

మొదట హైదరాబాదు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వడియం విరిస్తే లోపల నల్లటి చుక్కలున్నాయన్నారు. దారిలో ప్యాకెట్టు తడిసిందేమోనండీ అన్నాను నేను. అలా అని ఉండకూడదు. ఆవిడకు అప్పుడే క్షమాపణ చెప్పుకున్నాను, మీ అందరి ముందూ చెబుతున్నాను. ఎందుకంటే ఆ సాయంత్రం మా డబ్బాలోంచి పది వడియాలు తీసి విరిచి చూస్తే నాలుగింటిలో అదే కనిపించింది. తప్పు దారిలో జరగలేదు, మా ఇంట్లోనే జరిగింది.

మాది అమలాపురం దగ్గర ఊరు. ఒక పక్క వైనతేయ పాయ, ఇంటి వెనక పంట కాలవ, కాస్త దూరం పోతే సముద్రం. మృగశిర దాటిందంటే గాలే తడిగుడ్డలా ఉంటుంది. వాన కురిసినా ఉక్కపోతే, వెలిసినా ఉక్కపోతే. ఉప్పు డబ్బా అడుగున నీళ్లు ఊరతాయి, అగ్గిపుల్ల గీస్తే వెలగదు, వీధి తలుపు ఉబ్బి గడియ పడదు. ఉతికిన చీర మూడు రోజులు దండెం మీదే ఉండి ముక్కిన వాసన వేస్తుంది. గదిలో తేమ చూసుకోడానికి చిన్న మీటరు కొన్నాను, జులైలో అది 85 కిందికి దిగిన రోజు నాకు గుర్తులేదు. ఇలాంటి రోజుల్లో వడియం పెట్టకూడదని మా అత్తగారు ఎప్పుడూ అంటూనే ఉండేవారు. శ్రావణ మాసం ఆర్డర్లు ముందే ఒప్పుకున్నాను, వేసవిలో ఎండబెట్టిన సరుకు జూన్‌ ఆఖరుకే అయిపోయింది. కరెంటు డ్రయ్యరు ఉంది కదా అని ధైర్యం చేశాను.

డ్రయ్యరును తప్పుపట్టను, వాడిన పద్ధతి తప్పు. అది లోపలికి పీల్చుకునేదీ ఈ తడిగాలినే. త్వరగా అవ్వాలని వేడి 70 డిగ్రీలకు పెంచాను. వడియం పైపొర గట్టిపడి బిగుసుకుంది, లోపలి గుమ్మడి ముక్కలో నీరు బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. చేత్తో పట్టుకుంటే గలగలమంది, ఎండిందనుకున్నాను. ఆపైన రాత్రంతా పళ్లేల్లో తెరిచి ఆరబెట్టాం. ఆ రాత్రి గాలిలోంచి మళ్లీ ఎంత తేమ తాగిందో.

వేసవిలో మేం చేసే పని వేరు. బూడిద గుమ్మడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, గుడ్డలో మూటగట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా నీరు పిండుతాం. తెల్లవారుజామున మినప్పిండి గట్టిగా రుబ్బి కలిపి, ఎండ ఎక్కకముందే డాబా మీద పెట్టేస్తాం. మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి తిరగ్గానే దించేస్తాం. రాత్రి ఇంట్లో ఉన్నప్పుడు లోపలి తేమ మెల్లగా పైకి వస్తుంది, మర్నాటి ఎండ దాన్ని లాగేస్తుంది. నాలుగు ఎండలు కావాలి అనేవారు అత్తగారు. ఆ నాలుగు ఎండల మధ్య ఉన్న రాత్రులు కూడా పనిచేస్తున్నాయని నాకు ఇప్పుడు తెలిసింది.

కొందరు ఫోన్‌లో, "పర్లేదమ్మా, బూజు తుడిచి ఎండలో పెట్టి వాడుకుంటాం" అన్నారు. మీ మంచితనానికి దణ్ణం, కానీ వద్దు. తడి తగిలిన పప్పుల మీద, పిండి మీద పట్టే బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయానికి చెరుపు. బూజు తుడిస్తే పోయేది పైన కనిపించేదే. నూనెలో వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. పిల్లలున్న ఇళ్లవాళ్లు మరీ జాగ్రత్త.

అదే వారం పంపిన చల్ల మిరపకాయలు కూడా ఒక్కొక్కటీ విరిచి చూశాం, బాగున్నాయి. వాటిలో ఉప్పు ఎక్కువ, లోపల గుల్ల కాబట్టి తేమ నిలవలేదు. ఆవకాయకు ఉప్పూ నూనే కాపలా, దానికీ భయం లేదు. తడి గరిటె మాత్రం పెట్టకండి.

ఇకనుంచి మృగశిర మొదలు కార్తీకం వెళ్లేదాకా ఏ వడియమూ కొత్తగా పెట్టం. మాఘం నుంచి వైశాఖం దాకా ఎండబెట్టిందే ఏడాదంతా అమ్ముతాం, అయిపోతే అయిపోయిందని చెబుతాం. ప్రతి వాయిలోంచి ఒక పళ్లెం వరసగా రెండు రోజులు తూస్తాం, బరువు తగ్గడం ఆగాకే డబ్బాలోకి ఎత్తుతాం. సరుకంతా అటక మీదే ఉంచుతాం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను తర్వాత మా అత్తగారు ఎండు సరుకు ఏదీ నేల మీద పెట్టనివ్వలేదు, ఆ పద్ధతి మార్చం. ఇలా నెలల తరబడి సరుకు నిలవ పెట్టాలంటే ముందే పెట్టుబడి పెట్టాలి, అందుకే వచ్చే ఏడాది అరకిలోకు 30 రూపాయలు పెరుగుతుంది. ఇది మీకు భారమని తెలుసు.

మా దగ్గర పనిచేసే ఆరుగురు ఆడవాళ్లకు వానల్లో పని పోకూడదు. అందుకని ఆ నెలల్లో కందిపొడి, కరివేపాకు పొడి, సున్నుండలు చేస్తాం. వీటికి ఎండతో పనిలేదు, బాణలి సెగ చాలు. నిజానికి వానాకాలంలో జనం అడిగేదీ ఇవే, వేడివేడి అన్నంలో కందిపొడి, నెయ్యి.

విశాఖలోనో చెన్నైలోనో సింగపూర్‌లోనో ఉన్నవాళ్లకు ఒక్క సలహా. మీకూ సముద్రపు గాలే కాబట్టి ప్యాకెట్టు తెరవగానే మూత బిగుసుకునే స్టీలు డబ్బాలోకో గాజు సీసాలోకో మార్చండి. వారానికి సరిపడా విడిగా తీసుకుని మిగతాది ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా చల్లదనం పోయేదాకా మూత తీయకండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

గోదావరికి వరద వస్తే, లంక గ్రామాలవాళ్లకు పార్సిళ్లు నాలుగైదు రోజులు ఆలస్యమవుతాయి. డబ్బు మాత్రం ఆగదు. ఈ ఆదివారం రాత్రికి మీ ఖాతాలో పడకపోతే నాకే ఫోన్ చేయండి, నేనే ఎత్తుతాను.