సైలెంట్ ఇన్‌స్టాల్ ఎవరి జవాబు కోసం ఆగిందో ముందు చూడరా

నాన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక ఇది రాయాలనిపించింది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, రాసి పెడితే రేపు ఆఫీసులో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు చూసుకుంటావు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది కాబట్టి ఆఫీసు మొత్తాన్ని విండోస్ 11కి మార్చే పని నీ నెత్తిన పడింది. యూఎస్‌బీలో ఆన్సర్ ఫైల్ (సెటప్ అడిగే ప్రశ్నలకి ముందే జవాబులు రాసి పెట్టిన ఫైలు) పెట్టి వదిలేస్తే పొద్దునకల్లా అన్నీ తయారవుతాయనుకున్నావు, వచ్చి చూస్తే కొన్నింటి మీద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. మీ టీమ్ లీడ్ పవర్ బటన్ నొక్కి మళ్లీ మొదలుపెట్టమన్నాడన్నావు. వద్దురా. ఆపేశావంటే ఏ ప్రోగ్రాం దగ్గర ఆగిందో కళ్లతో చూసే అవకాశం పోతుంది.

చుక్కలు తిరుగుతున్న ఆ తెర మీదే షిఫ్ట్ పట్టుకుని ఎఫ్10 నొక్కు, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి. కమాండ్ విండో వస్తుంది. అందులో టాస్క్‌లిస్ట్ స్లాష్ వీ అని కొట్టు. నడుస్తున్న ప్రోగ్రాంలన్నీ, ఒక్కోటీ ఎంత సీపీయూ సమయం తీసుకుందో, దాని విండో టైటిల్ ఏమిటో అన్నీ వస్తాయి. కాసేపాగి మళ్లీ కొట్టి చూడు. ఏదో ఒక సెటప్ ఫైలు బతికే ఉండి, దాని సీపీయూ సమయం మాత్రం కదలకపోతే అది పని చేయడం లేదు, ఎవరో జవాబు చెబుతారని ఎదురుచూస్తోంది.

నేను నీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. సైలెంట్ ఇన్‌స్టాల్, అంటే ఏమీ అడగకుండా తనంతట తానే ఎక్కాల్సినది, కదలకుండా నిలబడిపోయిందంటే ముందు అనుమానించాల్సింది అది ఏదో ప్రశ్న అడిగిందేమో అని. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కొరియర్ అబ్బాయి సంతకం కోసం గుమ్మంలో నిలబడ్డట్టు అది అక్కడే ఉంటుంది. విండోస్ ఎక్కాక చివర్లో నీ ఇన్‌స్టాలర్లని నడిపే సెటప్‌కంప్లీట్ స్క్రిప్టు సిస్టమ్ ఖాతా (విండోస్ సొంత ఖాతా) కింద నడుస్తుంది, అప్పటికింకా ఎవరూ లాగిన్ అవ్వలేదు, కాబట్టి ఓకే నొక్కమని అడిగే పెట్టె పైకి వచ్చినా దాన్ని చూసేవాళ్లుండరు. మా కాలేజీ ల్యాబ్‌లో ఒక ప్రింటర్ డ్రైవర్ ఉండేది, సైలెంట్ అని స్విచ్ (కమాండ్ వెనక రాసే మాట) ఇచ్చినా మధ్యలో ఆగి "ఇప్పుడు కేబుల్ పెట్టండి" అని అడిగేది! ప్రింటరేమో పక్క గదిలో ఉండేది. ఆ కంపెనీ ఇన్‌స్టాలర్‌ని పక్కన పడేసి, లోపలున్న ఐఎన్‌ఎఫ్ ఫైలునీ (డ్రైవర్‌ని ఎలా ఎక్కించాలో విండోస్‌కి చెప్పేది) దానితో ఉన్న డ్రైవర్ ఫైళ్లనీ మాత్రమే బయటికి తీసి వాడుకున్నాం, ఆ తర్వాత ఏ గొడవా రాలేదు.

నువ్వూ డ్రైవర్ల విషయంలో అదే చెయ్యి. కంపెనీ ఇచ్చే ఈఎక్స్ఈలలో చాలావాటి లోపల ఉండేది ఐఎన్‌ఎఫ్, సిస్ (అసలు డ్రైవర్), క్యాట్ (సంతకం ఉండేది) ఫైళ్లే, మిగతాది వాళ్ల బొమ్మలూ మెనూలూ. సెవెన్‌జిప్‌తోనో, వాళ్లిచ్చిన ఎక్స్‌ట్రాక్ట్ స్విచ్‌తోనో విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టు. తర్వాత డ్రైవర్లు ఎక్కించే విండోస్ కమాండ్ పీఎన్‌పీయుటిల్‌కి యాడ్-డ్రైవర్, సబ్‌డిర్స్, ఇన్‌స్టాల్ మూడూ ఇస్తే ఆ ఫోల్డర్ కిందున్న వాటన్నిటినీ అదే చూసుకుంటుంది. ఒక్కోసారి 259 అని కోడ్ ఇస్తుంది, కంగారుపడకు. ఆ డ్రైవర్‌కి సరిపోయే పరికరం ఆ మెషీన్‌లో లేదనో, ఉన్న డ్రైవరే మెరుగైనదనో దానర్థం. 3010 వస్తే పని అయింది, రీస్టార్ట్ కావాలి అంతే. నీ స్క్రిప్టు సున్నా కానిదాన్నంతా ఫెయిల్ అని రాస్తుంటే ఈ రెండిటినీ వేరుగా చూడమని చెప్పు.

డ్రైవర్ల దగ్గర ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. మైక్రోసాఫ్ట్ సంతకం కాకుండా కంపెనీ సొంత సంతకం మాత్రమే ఉన్న ప్యాకేజీ అయితే, ఈ పబ్లిషర్‌ని నమ్మమంటావా అని విండోస్ అడుగుతుంది. నిన్న నువ్వు చెప్పిన స్మార్ట్‌కార్డ్ రీడర్ దగ్గర ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం. క్యాట్ ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం తెరిచి, అది నిజంగా ఆ కంపెనీదేనని చూసుకుని, సర్టిఫికెట్‌ని ఫైలుగా దాచి, డ్రైవర్ కంటే ముందు సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ట్రస్టెడ్ పబ్లిషర్ స్టోర్‌లో వేస్తే ఇక అడగదు. సంతకం చూడడమే ఆపేసే పద్ధతి ఒకటి ఎవరైనా చెబుతారు, చెయ్యకు. ఎక్స్‌పీ రోజుల్లో విన్‌ఎన్‌టీ.సిఫ్ అనే అప్పటి ఆన్సర్ ఫైల్‌లో డ్రైవర్ సైనింగ్ పాలసీని ఇగ్నోర్ అని ఒక్క లైను రాసేసి అందరూ ఊపిరి పీల్చుకునేవాళ్లు. ఆ కాలం వేరు. ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్‌లలో ఎవరెవరి జీతాల లెక్కలో, ఆధార్ కాపీలో ఉంటాయి.

ఇక సాఫ్ట్‌వేర్ల సంగతి. స్విచ్‌లు ఊహించి పెట్టకు. ఎంఎస్‌ఐ (విండోస్ సొంత ఇన్‌స్టాలర్ ఫైలు రకం) అయితే దాన్ని నడిపే ఎంఎస్‌ఐఎక్సెక్‌కి క్యూఎన్, నోరీస్టార్ట్, వాటితోపాటు లాగ్ కోసం ఎల్ స్టార్ వీ తప్పకుండా ఇవ్వు. ఇన్నో సెటప్ అనే ఇన్‌స్టాలర్ తయారుచేసే టూల్‌తో చేసినదైతే వెరీసైలెంట్, సప్రెస్‌ఎంఎస్‌జీబాక్సెస్ రెండూ కావాలి, మొదటిది ఒక్కటే ఇస్తే కొన్ని పెట్టెలు ఇంకా వస్తాయి. అలాంటి ఇంకో టూల్ ఎన్‌ఎస్‌ఐఎస్‌దైతే పెద్ద ఎస్, చిన్న ఎస్ ఇస్తే అది పట్టించుకోదు, మామూలుగా తెర తెరిచి నెక్స్ట్ కోసం కూర్చుంటుంది. ఎంతమంది ఆ ఒక్క అక్షరం దగ్గర రోజంతా పోగొట్టుకున్నారో!

1618 అని ఎర్రర్ కోడ్ వచ్చిందంటే ఒక ఎంఎస్‌ఐ ఇంకా నడుస్తుండగానే రెండోది మొదలైందన్నమాట, విండోస్ ఒకేసారి రెండింటిని ఒప్పుకోదు. ఒకటి ముగిసేదాకా ఆగేలా స్టార్ట్ వెయిట్ పెట్టావా చూడు. పెట్టినా వచ్చిందంటే, ఆ సెటప్ ఫైలు తన పని ఇంకో పిల్ల ప్రాసెస్‌కి అప్పజెప్పి తను ముందే వెళ్లిపోతోంది, అలాంటప్పుడు ఆ పిల్ల ప్రాసెస్ ముగిసేదాకా నువ్వే లూప్‌లో కనిపెట్టుకుని ఉండాలి. 1603 మాత్రం ఒక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు, లాగ్ తెరిచి "రిటర్న్ వాల్యూ 3" అని వెతికి, దాని పైనున్న లైన్లు చదువు, అసలు కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది.

నువ్వడిగిన ఇంకో ప్రశ్న, కొన్ని ల్యాప్‌టాప్‌లలో సెటప్‌కంప్లీట్ అసలు నడిచిన గుర్తే లేదని. అవి షాపు నుంచి విండోస్‌తో వచ్చినవేనా? ఓఈఎం కీతో (ల్యాప్‌టాప్ కంపెనీ మెషీన్‌తోపాటే ఇచ్చే విండోస్ కీ) ఇన్‌స్టాల్ అయితే ఆ స్క్రిప్టు నడవదు, మైక్రోసాఫ్ట్ కావాలనే అలా పెట్టింది, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కి మాత్రం మినహాయింపు ఉంది. కీ ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది కాబట్టి నువ్వు టైప్ చేయకపోయినా సెటప్ దాన్ని తీసుకుంటుంది. ఒకే యూఎస్‌బీ కొన్నింటిలో పనిచేసి కొన్నింటిలో చేయకపోవడానికి ఇదే కారణం కావచ్చు. వాటికి ఆన్సర్ ఫైల్‌లో ఫస్ట్ లాగాన్ కమాండ్స్ (మొదటిసారి లాగిన్ అయినప్పుడు నడిచేవి) వాడు. ఇంకోటి, సెటప్‌కంప్లీట్ మధ్యలో రీస్టార్ట్ కమాండ్ ఎప్పుడూ పెట్టకు. రీస్టార్ట్ తర్వాత అది ఆగిన చోటునుంచి కొనసాగదు, సిస్టమ్ సగంలో చెడిపోతుంది. పైగా ఆ స్క్రిప్టు ఇచ్చే ఎర్రర్ కోడ్‌ని విండోస్ చూడను కూడా చూడదు, అన్నీ ఫెయిలైనా లాగిన్ తెర చక్కగా వచ్చేస్తుంది. అందుకే ప్రతి కమాండ్ తర్వాత ఎర్రర్ లెవెల్‌నీ టైమునూ నీ సొంత టెక్స్ట్ ఫైలులో రాయించుకో, ఈ అలవాటు విషయంలో నేను గట్టిగా చెబుతున్నాను.

కొత్త మోడల్‌లో డిస్కే కనిపించడం లేదన్నావు చూడు, అది వీఎండీ, డిస్కుల్ని తన కింద పెట్టుకునే ఇంటెల్ కంట్రోలర్. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు దాని వెనకాల ఉంటుంది, సెటప్‌కి ఆ డ్రైవర్ లేకపోతే డిస్కు లేనట్టే. సెటప్ నడిచేది యూఎస్‌బీలోని బూట్.విమ్ ఫైలులో ఉన్న రెండో ఇమేజ్ నుంచి, ఇమేజ్‌లని మార్చే డిస్మ్ కమాండ్‌తో ఆ డ్రైవర్‌ని అక్కడ చేర్చాలి. డిస్కు మీదికి కాపీ అయ్యే విండోస్ ఉండే ఇన్‌స్టాల్.విమ్‌లో కూడా చేర్చు, లేకపోతే కాపీ అంతా అయ్యాక మొదటి బూట్‌లో ఆగే ప్రమాదం ఉంది. ఎక్స్‌పీకి సాటా డ్రైవర్ ఇవ్వడానికి ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టేవాళ్లం, ఇన్నేళ్లయినా అదే సమస్య కొత్త పేరుతో వచ్చింది.

లాగ్‌లు ఎక్కడుంటాయో రాసి పెట్టుకో. విండోస్ ఫోల్డర్‌లో పాంథర్, అందులో సెటప్‌యాక్ట్, సెటప్‌ఎర్ర్ లాగ్‌లు. పాంథర్‌లోనే అనటెండ్‌జీసీ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, సెటప్‌కంప్లీట్ నడిచిందా లేదా అక్కడి సెటప్‌యాక్ట్‌లో తెలుస్తుంది. డ్రైవర్లకి ఐఎన్‌ఎఫ్ ఫోల్డర్‌లో సెటప్‌ఏపీఐ.డెవ్ లాగ్, అందులో మూడు ఆశ్చర్యార్థకాలున్న లైను ఎర్రర్, ఒక్కటే ఉంటే హెచ్చరిక. పొడుగ్గా ఉందని భయపడకు, మూడింటిని వెతికి అక్కడినుంచి పైకి చదువుకుంటూ వెళ్లు.

ఇన్‌స్టాలర్ పది నిమిషాల్లో ముగియకపోతే చంపేసేలా స్క్రిప్టు రాస్తానన్నావు. నాకది అస్సలు నచ్చలేదురా. సగం ఎక్కిన వీపీఎన్ క్లయింట్ అసలు ఎక్కనిదానికంటే ఎక్కువ బాధ పెడుతుంది, రేపు ఊళ్లో ఇంటినుంచి పనిచేసే అమ్మాయికి నెట్‌వర్క్ రాక టెన్షన్ పడితే ఆ కాల్ మళ్లీ నీకే వస్తుంది. ముందు ప్రతి ఇన్‌స్టాలర్‌ని విడిగా వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్), సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల పీఎస్‌ఎక్సెక్‌తో సిస్టమ్ ఖాతా కింద నడిపి చూడు. నీ లాగిన్‌లో బాగా నడిచేది అక్కడ నడవకపోవచ్చు, నువ్వు మ్యాప్ చేసుకున్న నెట్‌వర్క్ డ్రైవ్ దానికి కనిపించదు, యూజర్ రిజిస్ట్రీలో రాసే సెట్టింగులు వేరేచోటికి పోతాయి. డ్రైవర్లు మాత్రం వర్చువల్ మెషీన్‌లో తేలవు, ఒక్కో మోడల్‌కి ఒక అసలు ల్యాప్‌టాప్ అడిగి తీసుకో. మొహమాటపడకు, టీమ్ లీడ్ ఒప్పుకోకపోతే మేనేజర్‌నే అడుగు.

ఆన్సర్ ఫైల్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంది కదా, అది దాచినట్టు కనిపించినా ఉత్త బేస్64, ఎవరైనా నిమిషంలో చదివేస్తారు. ఆ యూఎస్‌బీలు టేబుల్ మీద వదిలేసి టీకి వెళ్లకు.

రేపు మళ్లీ ఆగితే టాస్క్‌లిస్ట్ తెరని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, ఆ రెండు ఫోల్డర్ల లాగ్‌లు జిప్ చేసి మెయిల్ చెయ్యి. పంపేముందు ఆఫీసులో అడిగి, అందులో సర్వర్ పేర్లూ యూజర్ పేర్లూ ఉంటే తీసేసి పంపు. రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను, నాన్న కూడా ఎన్నిసార్లో అడిగారు వాడి పని అయిందా అని. అన్నం టైముకి తిను.

అమ్మ