లంగరు వద్దంటే చాలదు, పడవ కట్టుకునే చోటు చూపాలి

సంపాదకులకు,

పగడపు దిబ్బలు వేడికి పాలిపోతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా సముద్ర అభయారణ్యాలను విస్తరించాలన్న మాట వినిపిస్తుంది. విస్తరించవలసిందే. అయితే పటం మీద హద్దు గీసినంత మాత్రాన దిబ్బకు ఒరిగేదేమీ లేదు; ఆ హద్దు లోపల పడవ నడిపేవారు పాటించగలిగే నిబంధనలు ఉన్నాయా లేవా అన్నదే అసలు పరీక్ష.

లంగరు సంగతే చూడండి. గుండ్రాయిలా పెరిగే పగడం ఏడాదికి సాధారణంగా రెండు సెంటీమీటర్లకు మించి ఎదగదు. దానిపై లంగరు పడి, గాలికి పడవ తిరిగినప్పుడల్లా గొలుసు చుట్టూ ఒరుసుకుంటూ పోతే, దశాబ్దాల ఎదుగుదల ఒక్క పూటలో పిండవుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా కీస్ అభయారణ్యంలో సజీవ పగడాలపై లంగరు వేయడాన్ని నిషేధించి ఊరుకోలేదు. సముద్రపు అడుగుకు బిగించి, నీటిపై తేలేలా బోయాలను (తేలుడు గుండ్లను) అమర్చి, పడవలు వాటికి కట్టుకునే వీలు కల్పించారు. ఈ వసతి లేనిచోట నిషేధం కాగితానికే పరిమితమవుతుంది.

చేపల వేట విషయంలోనూ అంతే. గ్రేట్ బారియర్ రీఫ్‌లో వేట పూర్తిగా నిషిద్ధమైన భాగాన్ని ఆస్ట్రేలియా 2004లో 5 శాతం లోపు నుంచి దాదాపు 33 శాతానికి పెంచింది. మధ్య అమెరికా దేశం బెలీజ్ 2009లో చిలుకచేపలు పట్టడాన్నే నిషేధించింది. ఈ చేపలు రాళ్లపై నాచును గీకి తింటాయి. నాచు కమ్మేసిన రాతిని పగడపు లార్వాలు అంటిపెట్టుకోలేవు.

సముద్రమే వేడెక్కుతుంటే ఈ నిబంధనలేం చేస్తాయని అడిగేవారి ప్రశ్న న్యాయమైనదే. 2023లో మొదలైన నాలుగో ప్రపంచవ్యాప్త పాలిపోత ఏ అభయారణ్యపు హద్దునూ లెక్కచేయలేదు. కానీ వేడి తగ్గాక దిబ్బ కోలుకోవాలంటే నాచు లేని రాయి, తేటనీరు కావాలి, వాటిని కాపాడటం స్థానికంగా సాధ్యమే. తేటనీటి దగ్గరే చాలా అభయారణ్యాలు చేతులెత్తేస్తున్నాయి. పొలాల ఎరువులు, పట్టణాల మురుగు వచ్చేది నేల మీది నుంచి. అక్కడ అభయారణ్య అధికారుల మాట చెల్లదు. పగడాలకు హాని చేస్తాయని కొన్ని రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని 2021 నుంచి హవాయి నిషేధించిన సంగతి అందరి నోటా నానింది గానీ, మురుగుశుద్ధి గురించి మాట్లాడేవారు అరుదు.

కాబట్టి కొత్త అభయారణ్యాన్ని ప్రకటించేటప్పుడే ఎన్ని బోయాలు వేస్తారో, గస్తీ పడవల ఖర్చు ఎవరు భరిస్తారో, తీరం నుంచి వచ్చే మురుగును ఆపించే అధికారం ఎవరికి ఉంటుందో అదే ఉత్తర్వులో రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు